వదినగారికి ఒక లాయరు

పెడన
జూలై

మరిది కోటిలింగం గారికి,

నేను బాగానే ఉన్నాను. మీరెలా ఉన్నారని అడగను. అడిగితే "ఆఁ" అంటారు. హైదరాబాదు నుంచి అక్షయ రోజూ ఫోన్ చేస్తుందట కదా, కన్నకూతురికి కూడా ఆ ఒక్క అక్షరమేనట. ఇదివరకైతే "ఇదిగో, మీ చెల్లెలికిస్తున్నా" అని ఫోను అప్పజెప్పి తప్పుకునేవారు. ఇప్పుడు అప్పజెప్పడానికి మా చౌడేశ్వరి లేదు. పోయిన వారం మనిద్దరం ఫోను పట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు విన్నాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద "ఆఁ" అని రాసి పోస్టు చెయ్యడానికి మీకే సిగ్గేస్తుంది.

ఇక సంగతి. మా మామగారు కట్టించిన మగ్గాల షెడ్డు మీకు తెలుసు. అందులో రెండు గుంట మగ్గాలు. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. ఆయన పోయాక నాదొక్కటే ఆడుతోంది. ఇప్పుడు ఆయన తమ్ముడు దుర్గాశంకర్‌కి షెడ్డు కావాలట. వాడి కలంకారీ కొట్టుకి సరుకు దాచుకునే చోటు లేదట. పొద్దున్నే కాఫీకి వచ్చి, నింపాదిగా తాగి, చల్లగా చెప్పాడు.

"గుంటలు పూడ్చి గచ్చు చేయిస్తా వదినా. నీకు ఇంట్లో గదుంది, వేళకి అన్నముంది. ఇంకేం కావాలి?"

"నా మగ్గం?"

"ఈ వయసులో మగ్గమేంటి? అన్నయ్య లేడు, పిల్లల్లేరు. వాటా అని అడగడానికి ఎవరున్నారు చెప్పు?"

"నేనున్నానుగా."

"నువ్వు మా ఇంటి మనిషివి. మనలో మనకి వాటాలేంటి?"

వాడు చెడ్డవాడు కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే చీపురు తిరగేసేదాన్ని.

గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గాన్ని ఎత్తి ఇంకో చోట పెట్టుకోవడం కుదరదు. గుంట పూడిస్తే మగ్గం పోయినట్టే. మగ్గం పోతే నేను ఆ గదిలో అన్నం వేళ కోసం కూర్చునే ముసలిదాన్ని. అయితే ఒకటి. మగ్గం మీద పడుగు ఉండగా మా ఇళ్ళల్లో గుంట జోలికి ఎవరూ పోరు. శంకరమూ పోడు. "ఈ పడుగు దిగాక" అన్నాడు. ఈ నూలు ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు నాకు గడువు.

నాకొక లాయరు కావాలి. ఫీజు ఇచ్చుకోలేను. మోసం చెయ్యకూడదు. చెప్పేది చివరిదాకా వినాలి. అలాంటి ప్రాణి మన వైపు ఉందో లేదో కనుక్కోండి. థర్మల్ స్టేషన్‌లో ఇన్నేళ్ళు నీళ్ళు పరీక్ష చేసి మంచివో కాదో తేల్చిన మనిషి, లాయర్లని పరీక్ష చెయ్యలేరా? కొండపల్లిలో ఉంటే మాత్రం కొండపల్లి బొమ్మలా కూర్చోవాలని లేదు.

మీ వదిన,
నాగవేణి


కొండపల్లి
జూలై

వదినగారికి,

ఉత్తరం అందింది.

ఫోనులో వెతికాను. విజయవాడలో మంచి లాయర్లెవరు అని అడిగితే పెద్ద పట్టికలు వచ్చాయి. అందరికీ అయిదు నక్షత్రాలే. అందరి పక్కనా అదే తక్కెడ బొమ్మ. నా అనుభవంలో ఏ నీళ్ళకీ ఇన్ని మార్కులు రాలేదు.

ఒకచోట ఉచిత న్యాయ సలహా అని ఉంది. మీ సంగతి వివరంగా రాశాను. జవాబు కావాలంటే ఫోను నెంబరు ఇమ్మంది. ఇచ్చాను. జవాబు రాలేదు. ఫోన్లు వస్తున్నాయి. ఒకరు లోను ఇస్తామంటారు. ఒకరు విడాకులు ఇప్పిస్తామంటారు. విడాకుల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "మేడమ్‌తో సమస్య ఏంటి సార్?" అని అడిగింది. పెట్టేశాను.

నాకు కొన్ని వివరాలు కావాలి. షెడ్డు ఎవరి పేరున ఉంది? మీ మామగారు వీలునామా రాశారా? అన్నదమ్ములు ఎప్పుడైనా పంచుకున్నారా? పడుగు ఎంత మిగిలింది?

కోటిలింగం


పెడన
ఆగస్టు

మరిది గారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత విడాకుల అమ్మాయి దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయిని తిట్టుకోకండి. దానికేం తెలుసు. మా చౌడి వినుంటే "ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా ఆ ఉపాయం" అని ఉండేది.

మీ ప్రశ్నలకి జవాబులు. షెడ్డు ఇప్పటికీ మామగారి పేరునే ఉంది. ఆయన వీలునామా రాయలేదు. రాసే మనిషి కాదు, చాకలి పద్దు కూడా నోటి మీదే ఉండేది. ఆడపిల్లలు లేరు, కొడుకులిద్దరే. అత్తగారు కూడా మా ఆయనకంటే ముందే పోయింది. పంచుకోవడం లేదు, మా ఆయన వెనక మగ్గాలు చూసుకున్నాడు, శంకరం ముందు కొట్టు చూసుకున్నాడు, అంతే. మా ఆయన కూడా ఏమీ రాయకుండానే పోయాడు.

పడుగు ఉంది. తువ్వాళ్ళు నేస్తున్నాను. శంకరం రోజూ వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని మగ్గం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు.

"ఇంకా ఎంతుంది వదినా?"

"నూలు నీ కళ్ళముందే ఉంది, చూసుకో."

"ఇదివరకు చకచకా నేసేదానివి."

"ఇదివరకు నువ్వు వచ్చి లెక్క అడిగేవాడివి కాదుగా. భయానికి చేతులు వణుకుతున్నాయి."

మీరు ఫోను పక్కన పెట్టి మనిషి దగ్గరికి వెళ్ళండి. బస్సెక్కితే బెజవాడ. సూర్యారావుపేటలో లాయర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, నేనే చూశాను. తెల్ల చొక్కా వేసుకెళ్ళండి. గడ్డం గీసుకోండి. లేకపోతే మీరే ముద్దాయి అనుకుంటారు.

నాగవేణి


కొండపల్లి
ఆగస్టు

వదినగారికి,

గడ్డం గీసుకుని వెళ్ళాను.

కోర్టు గేటు దగ్గర చంకలో ఫైలుతో ఒకాయన ఎదురొచ్చాడు.

"ఏం బాబాయ్, కేసా? సివిలా, క్రిమినలా?"

"ఇంకా తెలియదు."

"తెలీకపోతే సివిలే. క్రిమినల్ అయితే ఈపాటికి తెలిసిపోద్ది."

ఆయన లాయరు కాదు. లాయర్ల దగ్గరికి మనుషుల్ని చేర్చే ఆయన. వెంట రాలేదు, నేను వేగంగా నడిచాను.

గాంధీనగరంలో వెంకటకృష్ణారావు గారని ఒక లాయరు ఉన్నారు. మా ల్యాబులో పనిచేసిన ఆయనకి బంధువు. వెళ్ళాను. సంభాషణ ఇలా జరిగింది.

"ఆస్తి ఎవరిదండీ?"

"మా వదినగారిది."

"ఎదుటి పార్టీ?"

"ఆవిడ మరిది."

"మీరు ఆవిడకేమవుతారు?"

"మరిదిని."

ఆయన కళ్ళజోడు తీశారు. "అంటే మీ మీదే కేసు వెయ్యమంటారా?"

చుట్టరికం విడదీసి చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా ఆయనకి ఫోన్లు వచ్చాయి. వాటాల దావా వేద్దాం, గుంటలు పూడ్చకుండా ఆర్డరు తెద్దాం, ఏళ్ళు పడుతుంది, ముందు ఫైలు తెరుద్దాం అన్నారు. మనిషి మంచివారే. మీరు అడిగిన గుణాల్లో మూడోది లేదు. చివరిదాకా వినలేదు. మొదటిది కూడా లేదు.

సూర్యారావుపేట వెళ్ళలేదు. వెళ్ళను. ఇంకెక్కడైనా చూస్తాను.

కోటిలింగం


పెడన
సెప్టెంబరు

మరిది గారికి,

మీ మీద మీరే కేసు వేసుకోబోయి తప్పించుకున్నందుకు సంతోషం. ఉత్తరం మా వీధిలో నలుగురికి చదివి వినిపించాను. "మీ కొండపల్లి మరిది గారు ఇంత బాగా మాట్లాడతారా?" అన్నారు. మాట్లాడరు, రాస్తారు అన్నాను.

నాకు ఇద్దరు మరుదులు. ఒకడు గుంట పూడుస్తానని ఇంటి చుట్టూ తిరుగుతాడు, ఇంకొకరు లాయరు కోసం ఊరి చుట్టూ తిరుగుతారు. నేను మధ్యలో కూర్చుని నాడె విసురుతున్నాను.

కానీ సూర్యారావుపేట ఎందుకు వెళ్ళరో అర్థం కాలేదు. లాయర్లంతా ఒక వీధిలో ఉంటే మీరు మిగతా ఊరంతా వెతుకుతానంటారేం? చేపలు కాలవలో ఉంటే డాబా మీద వల వేసినట్టుంది.

త్వరగా చూడండి. శంకరం ఇసుక లారీ మాట్లాడుతున్నాడు.

నాగవేణి


కొండపల్లి
సెప్టెంబరు

వదినగారికి,

మీ చెల్లెల్ని చేర్చిన ఆసుపత్రి ఆ వీధిలోనే ఉంది.

ఇక పని విషయం. న్యాయ సలహాకి ప్రభుత్వ నెంబరు ఒకటి ఉంది, 15100. డబ్బు తీసుకోరు. చేశాను. లోన్లు ఇస్తామనలేదు. దగ్గర్లో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళమన్నారు. విజయవాడ కోర్టు ఆవరణలో ఉంది. ఆ గేటు ముందు నుంచే నేను అంతకుముందు వేగంగా నడిచి వెళ్ళాను.

లోపల అమలమ్మ గారని వాలంటీరు ఉన్నారు. మొత్తం విన్నారు. ఫోను మోగితే కట్టేశారు. నేను ముందుజాగ్రత్తగా మీ రేషను కార్డు సంగతి, ఆదాయం సంగతి చెప్పబోయాను.

"అవన్నీ ఎందుకు సార్? ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేదు. ఆడమనిషి అయితే చాలు, లాయర్ని ఉచితంగా ఇస్తారు."

"కోర్టు ఖర్చులు?"

"అవీ వాళ్ళే చూసుకుంటారు. ఇంతకీ ఆవిడ ఏరి?"

"పెడనలో ఉన్నారు."

"పెడన బందరు కిందికొస్తది కదా సార్. బెజవాడలో ఏం చేస్తున్నారు మీరు?"

బందరు ఆఫీసు చిరునామా రాసుకుని వచ్చాను.

తెలిసిన చట్టం ఇది. మీ మామగారి తర్వాత షెడ్డు ఇద్దరు కొడుకులకీ సగం సగం. మీవారు వీలునామా లేకుండా పోయారు, పిల్లల్లేరు, తల్లి ముందే పోయింది. కాబట్టి ఆయన సగం మొత్తం మీది. దుర్గాశంకర్ ఇస్తే వచ్చేది కాదు. ఇవ్వకపోతే పోయేదీ కాదు. గదిలో ఉండమనడం ఆయన దయ, షెడ్డులో ఉండటం మీ హక్కు.

ఆధార్ కార్డు, మీవారి మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు తీసుకుని బందరు వెళ్ళండి. అక్కడి కోర్టులో ఇదే సంస్థ ఉంది. తెల్ల కాగితం మీద అర్జీ రాస్తే చాలు. ఎలా రాయాలో వెనక పేజీలో రాశాను.

కోటిలింగం


పెడన
అక్టోబరు

మరిది గారికి,

మొదటి వాక్యానికి జవాబు లేదు. నేను అడగకుండా ఉండాల్సింది.

మిగతా ఉత్తరానికి మాత్రం ఉంది. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించే మనిషని చౌడి మీ గురించి ఊరికే అనేది కాదు. బందరు నాకు బస్సెక్కి టిక్కెట్టు తీసుకునేలోగా వస్తుంది. దానికోసం మీరు బెజవాడ ఎండలో రెండు నెలలు తిరిగారు. తిరిగారు కాబట్టే తెలిసిందనుకోండి. ఇంత పొగడ్త చాలు.

వెళ్ళాను. ఉచితం అంటే పుచ్చు వంకాయలా ఉంటుందని భయపడుతూ వెళ్ళాను. జోయెల్ గారని కుర్రవాణ్ణి లాయరుగా ఇచ్చారు. నల్ల కోటు భుజాల దగ్గర వదులు. వాళ్ళ నాన్నదేమో. కానీ చెప్పిందంతా విన్నాడు. నేను మధ్యలో మా పెళ్ళి సంగతిలోకి వెళ్ళిపోతే కూడా ఆపలేదు.

"అమ్మా, మీకు కావాల్సింది వాటానా, మరిదితో గొడవా?"

"వాటా కావాలి నాయనా. గొడవ అక్కర్లేదు. రేపు నాకు జ్వరమొస్తే మందు తెచ్చేది వాడే."

"అయితే దావా ఇప్పుడే వద్దమ్మా. ముందు లోక్ అదాలత్‌కి పిలుద్దాం. కూర్చుని రాజీపడితే అదే తీర్పు, మళ్ళీ అప్పీలు ఉండదు. పడకపోతే అప్పుడు దావా ఎలాగూ ఉంది."

వచ్చేటప్పుడు తువ్వాలు ఇవ్వబోయాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఏమీ తీసుకోకూడదమ్మా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. నేసిన తువ్వాలు వద్దన్న మొదటి మగవాణ్ణి చూశాను.

శంకరానికి నోటీసు వచ్చింది. ఆ రోజు నుంచి కాఫీకి రావడం లేదు. గ్లాసు కడిగి బోర్లించి పెడుతున్నాను. మీ చట్టంలో దీనికేమైనా సెక్షను ఉందా?

ఇంకో సంగతి. పడుగు అయిపోవచ్చింది. నాకు పడుగులిచ్చే షావుకారు, తగాదాలో ఉన్న షెడ్డుకి నూలు ఇవ్వనన్నాడు. లోక్ అదాలత్ ఎప్పుడో ఇంకా చెప్పలేదు. ఈలోగా పడుగు దిగిందంటే గుంట ఖాళీ. ఇసుక ఇప్పటికే వచ్చి గోడ పక్కన పోసి ఉంది. దాని మీద కుక్క పడుకుంటోంది.

నాగవేణి


కొండపల్లి
అక్టోబరు

వదినగారికి,

మంగళగిరి వెళ్ళాను. పడుగు కొన్నాను. ఆర్టీసీ పార్శిల్‌లో వేశాను. ఈ ఉత్తరం అందేలోగా పెడన బస్టాండుకి వస్తుంది, రసీదు జత చేశాను.

మగ్గాల ఇంట పుట్టినవాణ్ణి. ఆ మాత్రం చూసి కొనగలను.

కాఫీకి సెక్షను లేదు.

కోటిలింగం


పెడన
నవంబరు

మరిది గారికి,

మగ్గాల ఇంట పుట్టిన మరిది గారూ, మీరు పుట్టిన వెంటనే మిమ్మల్ని కాలేజీకి పంపినట్టున్నారు. తువ్వాళ్ళ మగ్గానికి చీర పడుగు పంపారు. పోగులు దూరే నా అచ్చు ఎంత, ఆ పడుగు ఎంత? పిల్లాడి చొక్కాలో పెద్దాయన్ని దూర్చినట్టు. మూట విప్పి వీధరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి "ఎవరు పోయారు?" అంది.

నవ్వడం అయ్యాక భయమేసింది. తువ్వాళ్ళ పడుగు మర్నాటికి ఉండదు. చేతిలో ఉన్నది పనికిరాదు.

పనికొచ్చే మగ్గం ఇంకొకటి ఉంది. మీకు చెప్పలేదు. మా ఆయన నేసింది చీరలే. ఆయన గుంటలో నేను ఇంతవరకూ కాలు పెట్టలేదు. ఊడ్చేటప్పుడు కూడా చుట్టూ ఊడ్చి వచ్చేస్తాను. మీకు ఆ వీధి ఎలాగో నాకు ఆ గుంట అలాగ. అలాంటిదాన్ని, మిమ్మల్ని డాబా మీద వల అన్నాను.

ఆయన చివరి చీర కోసి తీసినప్పుడు పోగుల కొసలు అచ్చులో అలాగే ఉండిపోయాయి. కొత్త పడుగు వాటికే అతకాలి. ఒక్కో పోగుకి ఒక్కో పోగు, వేళ్ళకి బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఆ చివర ఎవరో బిగించి పట్టుకోవాలి. పడుగు పట్టడానికి పిలిస్తే మా ఇళ్ళల్లో కాదనకూడదు. శత్రువైనా సరే రావాలి. మాకున్న ఉచిత న్యాయం అదొక్కటే.

గోడ మీంచి పిలిచాను. "శంకరం, పడుగు పట్టాలి రా."

కాసేపటికి చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది.

"నోటీసు పంపించి పడుగు పట్టమంటావా వదినా?"

"నోటీసు లాయరు పంపాడు. పడుగు నేను పట్టమంటున్నా."

"ఇది ఎక్కితే ఎప్పుడు దిగుద్ది?"

"నువ్వు గట్టిగా పట్టుకుంటే త్వరగా దిగుతుంది."

"నా గోతికి నేనే..." అన్నాడు, అని ఆగిపోయాడు. నేను దిగింది ఎవరి గుంటలోకో అప్పుడు చూశాడు.

పడుగు కొస చేతికి చుట్టుకున్నాడు. పట్టుకుని నిలబడ్డాడు. నేను అతుకుతూ కూర్చున్నాను. పొద్దెక్కింది. వాడి భార్య అన్నానికి పిలిస్తే "చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు. సాయంత్రానికి సగం అయింది. మర్నాడు పిలవకుండానే వచ్చాడు. అప్పుడన్నాడు.

"అన్నయ్య ముడి వేరేగా ఉండేది. ఎడమవైపు తిప్పేవాడు."

"నాకు తెలుసు. నాకు నేర్పింది ఆయనే."

"నాకూ ఆయనే నేర్పాడు వదినా. నేనే కూర్చోలేదు."

పడుగు ఎక్కింది. అంచుల్లో కొంచెం తేడా వస్తే సర్దాను. రంగు మీరే ఎంచారా? కనకాంబరం రంగు ఎంచిన మగవాణ్ణి తిట్టడానికి నోరు రావడం లేదు. తప్పు కొన్నా మంచి తప్పు కొన్నారు.

చివరిగా ఒక చిక్కు. జోయెల్ గారు ఫోన్ చేశారు. డిసెంబరులో రెండో శనివారం బందరులో లోక్ అదాలత్. ఆ రోజే మా చౌడి సంవత్సరీకం. పంచాంగం రెండుసార్లు చూశాను. నేను కొండపల్లి వస్తాను. అదాలత్ వాళ్ళని ఇంకో తారీకు అడుగుతాను.

నాగవేణి


కొండపల్లి
నవంబరు

వదినగారికి,

కొండపల్లి రావద్దు. బందరు వెళ్ళండి.

ఇంకో అదాలత్ అంటే మళ్ళీ నెలలు పడుతుంది. ఆలోగా దుర్గాశంకర్ మనసు మారవచ్చు. పడుగు పట్టిన చేతులు మెత్తగా ఉన్నప్పుడే సంతకం పెట్టించాలి. ఇక్కడికి అక్షయ వస్తుంది. మేం చూసుకుంటాం. వాటా వదులుకుని తద్దినం అన్నం తినడానికి వచ్చారని తెలిస్తే మీ చెల్లెలు నన్ను అంటుంది, మిమ్మల్ని కాదు.

ఒక ముఖ్య విషయం. మీరు గుంటలున్న వెనక సగం అడుగుతారు. ఆయన రోడ్డు వైపు అడుగుతాడు. అప్పుడు మీ సగానికి రోడ్డు ఎక్కడుంది? ఆయన గోడౌనులోంచి నడవాలి. ఇప్పుడు నడవనిస్తాడు. అమ్ముకుంటే కొన్నవాడు నడవనివ్వడు. దారి అడగండి. నోటిమాట కాదు, కాగితం మీద, అడుగులతో సహా రాయించండి. మీ షెడ్డు బొమ్మ ఒకటి గీసుకుని అమలమ్మ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగాను. ఈసారి ఆవిడ నన్ను చూసి "బందరు వెళ్ళలేదా సార్?" అన్నారు.

పడుగు కొలత గురించి ఇక ప్రస్తావించవద్దు.

కోటిలింగం


పెడన
డిసెంబరు

మరిది గారికి,

సంతకాలు అయ్యాయి.

వరసగా చెబుతాను. పొద్దున తలంటుకుని, చౌడి ఫొటోకి దణ్ణం పెట్టి, "నీ దగ్గరికి రావడం లేదే, కోర్టుకి పోతున్నా" అని చెప్పి బస్సెక్కాను. అదే బస్సులో ముందు సీట్లో శంకరం. ఇద్దరం ఒకరినొకరం చూడనట్టు బందరు దాకా వెళ్ళాం. కండక్టరు మాత్రం టిక్కెట్లు ఒకచోటే కొట్టాడు, ఒకే ఇంటివాళ్ళని తెలుసుగా.

లోపల జనం పెళ్ళి పందిట్లోలా ఉన్నారు. మా వంతు వచ్చింది. జడ్జిగారు ఆడమనిషే. జోయెల్ గారు చెప్పడం మొదలుపెట్టేలోగా శంకరమే లేచాడు.

"రోడ్డు వైపు సగం నాకిస్తే చాలండి. కొట్టుకి పనికొస్తుంది."

"గుంటలున్న వైపు నాకండి" అన్నాను.

"అమ్మా, రోడ్డు వైపు విలువ ఎక్కువ. తెలిసే అడుగుతున్నారా?"

"తెలుసండి. రోడ్డు మీద కూర్చుని నెయ్యలేను కదండీ."

ఆవిడ నవ్వారు. అక్కడితో అయిపోయేదే. మీ ఉత్తరం సంచిలో ఉంది. "నా వైపుకి దారి కావాలండి, కాగితం మీద" అన్నాను. శంకరం ముఖం కందగడ్డ అయింది.

"మా వదినకి దారి రాసివ్వాలాండీ? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడ్డం నిలబడ్డానా? ఊళ్ళో తలెత్తుకోవాలా వద్దా?"

"ఎప్పుడూ ఆపనప్పుడు రాయడానికి మీకు నష్టమేముంది?" అన్నారు జడ్జిగారు.

వాడు కూర్చున్నాడు. ఎంత వెడల్పు అని అడిగారు. మీరు అడుగులు రాసిచ్చారు కానీ నేను నా కొలతే చెప్పాను. పడుగు భుజాన వేసుకుని ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవాలి అన్నాను. జోయెల్ గారు దాన్ని అడుగుల్లోకి మార్చి రాశారు. మీ అంకె కంటే ఒక అడుగు ఎక్కువే వచ్చింది.

సంతకం పెట్టేటప్పుడు శంకరం చెయ్యి ఆగింది. పెన్ను రాయడం లేదన్నాడు. జోయెల్ గారు తన పెన్ను ఇచ్చారు. అదీ రాయడం లేదన్నాడు. నేను వాడి వైపు చూడలేదు, గోడ మీది గడియారం వైపు చూశాను. కాసేపటికి పెన్ను రాసింది.

తిరుగు బస్సులో పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నన్ను నమ్మలేదు కదూ వదినా."

"నిన్ను నమ్మాను రా. నీ తర్వాత కొనేవాణ్ణి నమ్మలేదు."

"నేనెందుకు అమ్ముతాను?"

"అమ్మకపోతే ఆ కాగితం చెదలు తింటుంది, పోనీ."

పెడన దగ్గరపడ్డాక కిటికీలోంచి బయటికి చూస్తూ "రేపు కాఫీకి రావాలంటే ఏ దారిన రావాలి? నీ దారా, నా దారా?" అన్నాడు. కాఫీ కావాలంటే నా దారిన రమ్మన్నాను. పొద్దున వచ్చాడు. ఇసుకతో గోడ కట్టించి, మిగిలింది నా దారిలో పరిపిస్తాడట. గ్లాసు నిండా పోశాను.

ఇదంతా చెప్పడానికి రాత్రి ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. మీకు ఆ రోజు ఎలా గడిచిందో రాయండి. పొడుగ్గా రాయండి.

నాగవేణి


కొండపల్లి
డిసెంబరు

వదినగారికి,

రాజీ కాగితం నకలు అడిగి తీసుకోండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని ఒకటి నాకు పంపండి. మున్సిపల్ ఆఫీసులో పన్ను పేరు మార్పించాలి. దానికి అర్జీ ఎలా రాయాలో విడిగా పంపుతాను. ఇక ఆ గుంటల్లోంచి మిమ్మల్ని లేపగలిగేది మీ మోకాళ్ళే. మా పక్కింటి మణెమ్మ గారు ఇది విని, తన అద్దె తగాదా గురించి అడగడానికి వచ్చారు. నెంబరు చెప్పాను. వెళ్ళలేదు. కూర్చున్నారు. కాఫీ పెట్టాల్సి వచ్చింది. బాగాలేదన్నారు.

ఆ రోజు సంగతి. అక్షయ ముందురోజే వచ్చింది. వంట అదే చేసింది. మామిడల్లం పచ్చడి వాళ్ళమ్మ చేసినట్టే చేయాలని మూడుసార్లు మొదలుపెట్టింది. మూడోసారి రుచి చూడమంది. ఆ రుచే. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

పురోహితుడు తెలిసిన ఆయనే. పోయినేడు అన్నీ ఆయనే జరిపించారు. మీరు అప్పుడు ఎలా ఏడ్చారో ఆయనకి గుర్తుంది. మంత్రం మధ్యలో ఆపి అటూ ఇటూ చూశారు.

"పెద్దావిడ, వాళ్ళ అక్కగారు, కనబడరేమండీ? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. బందరు కోర్టులో ఉన్నారు."

"అయ్యో. ఎవరి మీదండీ?"

"మరిది మీద."

ఆయన చేతిలో దర్భ అలాగే ఉండిపోయింది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు. "మరి మీరు ఇక్కడున్నారేంటండీ?" అన్నారు.

అక్షయ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఎవరు నవ్వారని అడిగింది.

మీ మరిది,
కోటిలింగం